చన్నీళ్లలో కయాకింగ్: ఏ దుస్తులు వేసుకోవాలో ఎలా ఎంచుకోవాలి?

కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, కూర్చున్నంతసేపూ ఒళ్లు దాదాపు పొడిగానే ఉంటుంది. ఒడ్డున నిలబడి బట్టలు వేసుకునేటప్పుడు చర్మానికి తెలిసేది గాలి ఒక్కటే. ఈ రెండు కారణాల వల్ల చాలామంది గాలికి సరిపడేలా తయారై పడవ ఎక్కుతారు. ఎండ హాయిగా కాస్తున్న వసంతకాలపు రోజున, మంచు కరిగి వచ్చిన నీటి మీదికి, నూలు చొక్కాతో వెళతారు. కయాక్ బోల్తా పడటం అరుదైన విషయం కాదని, ఎంత అనుభవం ఉన్నవారికైనా అది ఏదో ఒక రోజు తప్పదని గుర్తుంచుకుంటే, దుస్తులు ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న మారిపోతుంది. ఇవాళ నీళ్లలో పడి, తిరిగి పడవలోకి ఎక్కడం కుదరక, అరగంట పాటు ఆ నీళ్లలోనే ఉండవలసి వస్తే ఒంటి మీద ఏం ఉండాలి? కింద చెప్పినదంతా ఈ ప్రశ్నకు సమాధానమే.

ముందుగా, చన్నీళ్లు శరీరాన్ని ఏం చేస్తాయో తెలుసుకోండి

నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా శరీరంలోని వేడిని లాగేస్తుంది. అయితే చన్నీళ్లలో పడిన మనిషికి మొదట ఎదురయ్యే ముప్పు ఒళ్లు చల్లబడటం కాదు. చర్మం హఠాత్తుగా చల్లబడిన క్షణంలో మనిషి తన ప్రమేయం లేకుండానే ఒక్కసారిగా పెద్దగా ఊపిరి పీలుస్తాడు; ఆ వెంటనే శ్వాస వేగం అదుపు తప్పుతుంది, గుండె వేగమూ రక్తపోటూ పెరుగుతాయి. ఆ మొదటి ఊపిరి తీసుకునేటప్పుడు తల నీటి కింద ఉంటే, లోపలికి వెళ్లేది నీరే. గుండె జబ్బు ఉన్నవారికి ఈ దశ మరింత ప్రమాదకరం కాబట్టి వారు వైద్యుడిని సంప్రదించిన తరువాతే చన్నీళ్ల మీదికి వెళ్లాలి.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ దశలను గుర్తుంచుకోవడానికి వీలుగా 1-10-1 అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చారు. గడ్డకట్టే చలికి దగ్గరగా ఉన్న నీటిలో ఊపిరి అదుపులోకి రావడానికి సుమారు 1 నిమిషం పడుతుంది. ఆ తరువాత చేతులు కాళ్లు పనికొచ్చేలా కదిలేది సుమారు 10 నిమిషాలు. శరీరపు లోపలి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే అయినా, దుస్తులు ఎంచుకునేవారికి ఇందులో ఎంతో ఉపయోగం ఉంది. మొదటి నిమిషం నుంచి కాపాడేది చల్లటి నీటిని చర్మానికి తగలనివ్వని సూటు, ముఖాన్ని నీటి పైన నిలిపే లైఫ్ జాకెట్. తరువాతి పది నిమిషాలను పొడిగించేది చేతి తొడుగులు, తల తొడుగు. ఆ పైన గంటను సాగదీసేది లోపల వేసుకున్న వెచ్చటి పొరలు. వీటిలో ఏది లేకపోయినా ఆ దశలో మీకు రక్షణ ఉండదు.

ఒడ్డుకు దగ్గరగానే ఉంటాను కదా, మామూలు బట్టలు చాలవా అని అడిగేవారికి కూడా సమాధానం ఇక్కడే ఉంది. మొదటి నిమిషంలో జరిగే దానికి ఒడ్డు పది మీటర్ల దూరంలో ఉన్నా, కిలోమీటరు దూరంలో ఉన్నా తేడా లేదు.

1. నీటి ఉష్ణోగ్రతను తెలుసుకోండి

ఊహించవద్దు, కొలవండి. దారానికి కట్టిన చిన్న థర్మామీటరును నీటిలోకి వదిలి రెండు మూడు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. ఒడ్డున మోకాలి లోతు నీరు ఎండకు వేడెక్కి ఉంటుంది కాబట్టి అక్కడ తీసిన కొలత మోసం చేస్తుంది. లోతు ఉన్న చోట, వీలైతే మీరు వెళ్లబోయే దారిలో కొలవండి. సముద్ర తీరాల్లోనూ పెద్ద సరస్సుల్లోనూ నీటిలో అమర్చిన బోయాల (తేలే పరికరాల) నుంచి వచ్చే ఉష్ణోగ్రతలను వాతావరణ సంస్థలు ప్రకటిస్తుంటాయి, వాటిని ముందు రోజే చూసుకోవచ్చు.

నీరు గాలి కంటే చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. అందువల్ల ఏడాదిలో అత్యంత ప్రమాదకరమైన కాలం వసంతం. గాలి వెచ్చబడి మనుషులను పడవల వైపు పిలుస్తుంది, నీరు మాత్రం ఇంకా శీతాకాలంలోనే ఉంటుంది. మంచు కరిగి పారే నదులు, ఆనకట్టల అడుగు నుంచి నీరు విడుదలయ్యే నదులు నడి వేసవిలో కూడా చల్లగానే ఉండవచ్చు.

గాలి ఉష్ణోగ్రతనూ నీటి ఉష్ణోగ్రతనూ కూడి, ఆ మొత్తం ఒక అంకె దాటితే వెట్‌సూట్ (ఒంటికి అతుక్కుని వెచ్చగా ఉంచే రబ్బరు సూటు) అక్కరలేదని చెప్పే లెక్క ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. దయచేసి దాన్ని నమ్మకండి. గాలి 30 డిగ్రీలు, నీరు 8 డిగ్రీలు ఉన్న రోజుకూ, రెండూ 19 డిగ్రీలు ఉన్న రోజుకూ మొత్తం 38 డిగ్రీలే. మొదటి రోజున నీళ్లలో పడ్డవారికి పైన ఉన్న 30 డిగ్రీల గాలి ఏ విధంగానూ అక్కరకు రాదు.

2. ఉష్ణోగ్రతను బట్టి ప్రధాన దుస్తును నిర్ణయించండి

నీరు 21 డిగ్రీల సెల్సియస్ కంటే వెచ్చగా ఉంటే త్వరగా ఆరే పాలియెస్టర్ లేదా నైలాన్ దుస్తులు, పైన గాలిని ఆపే పలచటి జాకెట్ చాలు. 21 కంటే తగ్గిన క్షణం నుంచి జాగ్రత్త మొదలవ్వాలి. 15 నుంచి 21 డిగ్రీల మధ్య కయాకింగ్ కోసం కుట్టిన 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్, దాని మీద నీటిని ఆపే జాకెట్ కనీస అవసరం. 15 కంటే తక్కువైతే డ్రైసూట్ (నీటిని లోపలికి రానివ్వని సూటు) వేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. నీళ్లలో పడగానే ఊపిరి అదుపు తప్పే ఆ స్పందన 10 నుంచి 15 డిగ్రీల నీటిలోనే దాదాపు పూర్తి తీవ్రతను చేరుతుంది. అంటే 12 డిగ్రీల నీటిని చూసి ‘ఇది మరీ చల్లగా ఏమీ లేదు’ అనుకోవడానికి వీలు లేదు. 10 కంటే దిగువన డ్రైసూట్‌తో పాటు లోపల మందపాటి ఫ్లీస్ (నూగు ఉన్న వెచ్చటి కృత్రిమ బట్ట), తల తొడుగు, చేతి తొడుగులు అన్నీ ఉండాలి.

ఈ హద్దులు గీత గీసినట్టు ఖచ్చితమైనవి కావు. సన్నగా ఉన్నవారు, పిల్లలు త్వరగా వేడి కోల్పోతారు. ఒంటరిగా వెళ్లేవారు, నీటిలోంచి పడవలోకి తిరిగి ఎక్కడం ఇంకా సరిగా రానివారు, గాలి ఎక్కువగా ఉన్న రోజున వెళ్లేవారు ఒక మెట్టు ఎక్కువ రక్షణను ఎంచుకోవాలి. రెండు సూట్ల మధ్య ఎటూ తేల్చుకోలేనప్పుడు వెచ్చగా ఉండే దానినే తీసుకోండి. ఒళ్లు ఉడుకుతుంటే చల్లబరుచుకోవడానికి చుట్టూ కావలసినంత నీరు ఉంది, చలి వేస్తుంటే వేడెక్కడానికి నీటి మీద ఏ ఆధారమూ ఉండదు.

3. వెట్‌సూట్ అయితే ఇలా చూసి తీసుకోండి

వెట్‌సూట్ ఆలోచన 1950ల తొలినాళ్లలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నుంచి వచ్చింది. ఒంటిని వెచ్చగా ఉంచడానికి ఒంటిని పొడిగా ఉంచనక్కరలేదని, బట్టలోనే చిక్కుకున్న వాయువు బుడగలు వేడిని ఆపగలవని ఆయన గ్రహించారు. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును డ్యూపాంట్ సంస్థ 1930లోనే తయారు చేసింది. దాన్ని నురగలా పొంగించినప్పుడు లోపల మూసుకుపోయిన లెక్కలేనన్ని బుడగలు ఏర్పడతాయి. సూటు లోపల చేరిన పలచటి నీటి పొర వేడెక్కి మనల్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అసలు పని చేసేది ఆ బుడగలే. లోపలి నీరు మాటిమాటికీ బయటికి పోయి కొత్త చల్లటి నీరు రాకుండా ఉంటే చాలు.

కాబట్టి వెట్‌సూట్‌లో అన్నిటికంటే ముఖ్యం ఒంటికి అతుక్కునే కొలత. నడుము వెనుక, చంకల కింద, మోకాళ్ల వెనుక ఖాళీలు కనిపిస్తే అది ఎంత మందమైనదైనా ప్రయోజనం లేదు. అలాగని ఛాతీని బిగించి ఊపిరిని అడ్డుకునేదీ వద్దు. దుకాణంలో వేసుకున్నప్పుడు అద్దం ముందు నిలబడి సరిపెట్టుకోకుండా నేల మీద కాళ్లు చాపి కూర్చోండి, తెడ్డు వేస్తున్నట్టు నడుమును రెండు వైపులా తిప్పండి, చేతులు తల మీదికి ఎత్తండి.

అలల మీద సర్ఫింగ్ చేసేవారి వెట్‌సూట్ చేతులతో సహా మందంగా ఉండి, గంటల తరబడి తెడ్డు వేసేవారి భుజాలను త్వరగా అలసిపోయేలా చేస్తుంది. కయాకింగ్‌కు చేతులు లేకుండా, పొడవాటి కాళ్లతో ఉండే వెట్‌సూట్ అనువైనది. దాని కింద పలచటి ఉన్ని లేదా పాలియెస్టర్ చొక్కా, పైన మెడా మణికట్లూ బిగించుకునే జాకెట్ వేసుకోవాలి. తడిసిన నియోప్రీన్ మీద గాలి వీచినప్పుడు నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది కాబట్టి ఆ జాకెట్ అలంకారం కాదు, అవసరం.

పాత వెట్‌సూట్ కొంటున్నట్లయితే నియోప్రీన్‌ను వేళ్ల మధ్య నొక్కి చూడండి. ఏళ్ల తరబడి వాడిన దానిలో బుడగలు అణగిపోయి బట్ట పలచబడుతుంది. చూపులకు బాగానే ఉన్నా వెచ్చదనం తగ్గిపోతుంది.

4. డ్రైసూట్ అయితే మరికొంత శ్రద్ధ కావాలి

డ్రైసూట్ గొడుగు లాంటిది: నీటిని ఆపుతుంది, చలిని ఆపదు. ఈ ఒక్క సంగతి తెలియక ఖరీదైన డ్రైసూట్ లోపల పలచటి టీషర్టు వేసుకుని గడ్డకట్టే నీటి మీదికి వెళ్లేవారు ఉన్నారు. వెచ్చదనం పూర్తిగా లోపలి పొరల నుంచే రావాలి. డ్రైసూట్ గొప్పతనం వేరే చోట ఉంది. నీరు చర్మానికి తగలదు కాబట్టి మొదటి నిమిషంలోని ఆ ఉక్కిరిబిక్కిరి చాలా వరకు తప్పుతుంది. లోపలి పొరలను పెంచుతూ తగ్గిస్తూ ఒకే సూటును ఏడాదిలో ఎక్కువ కాలం వాడుకోవచ్చు.

కొనేటప్పుడు మొదట బట్టను చూడండి. చెమట ఆవిరిని బయటికి పంపి, నీటిని లోపలికి రానివ్వని బట్టతో కుట్టినవి ఖరీదైనవే, కానీ గంటల తరబడి తెడ్డు వేసేవారికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆవిరిని పంపని సూటులో చెమటే లోపలి పొరలను తడిపేస్తుంది. ఇంటికి వచ్చాక లోపల తడి కనిపిస్తే అది కారిన నీరా, చెమటా అన్నది ముందు తేల్చుకోండి: ఒళ్లంతా సమంగా చెమ్మగా ఉంటే అది చాలా మటుకు చెమట, ఒక కాలో ఒక మోచేయో మాత్రమే తడిస్తే అక్కడ రంధ్రం ఉన్నట్టు.

మెడ దగ్గర, మణికట్ల దగ్గర నీరు చొరకుండా చర్మానికి అతుక్కునే పట్టీలైన గాస్కెట్లు సూటుకు ప్రాణం. లేటెక్స్ గాస్కెట్ చర్మానికి బాగా అతుక్కుని నీటిని పూర్తిగా ఆపుతుంది, కానీ సున్నితమైనది. నియోప్రీన్ మెడ ఉన్న సూట్లు మెడకు హాయిగా ఉంటాయి; నీళ్లలో ఎక్కువసేపు ఉంటే కొంచెం నీరు లోపలికి వస్తుంది. మీరు వెళ్లే నీరు 10 డిగ్రీల లోపు ఉంటే లేటెక్స్‌నే తీసుకోండి. లేటెక్స్ పడనివారికి సిలికోన్ గాస్కెట్లు దొరుకుతాయి.

కొత్త లేటెక్స్ మెడ గాస్కెట్ దాదాపు అందరికీ బిగుతుగానే అనిపిస్తుంది. తొందరపడి కత్తిరించకండి. సరైన చుట్టుకొలత ఉన్న గిన్నెనో డబ్బానో లోపల దూర్చి రాత్రంతా సాగదీసి ఉంచితే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. అప్పటికీ తల తిరుగుతున్నట్టు ఉంటే, పదునైన కత్తెరతో, గాస్కెట్ మీద ఉన్న ఒక్కొక్క వలయాన్ని మాత్రమే, అంచు ఎక్కడా గరుకుగా మిగలకుండా కత్తిరించండి. గరుకు అంచు నుంచే చిరుగు మొదలవుతుంది. సూటు వేసుకునే ముందు గడియారం, ఉంగరాలు, చెవి పోగులు తీసి పక్కన పెట్టడం, గోళ్లు కత్తిరించుకోవడం కూడా ఇందుకే.

పాదాలను కూడా కప్పేసే, సూటు బట్టతోనే కుట్టిన మేజోళ్లు ఉన్న దానినే ఎంచుకోమని నా సలహా. మూత్ర విసర్జనకు వీలుగా వేరే జిప్పు ఉందా అన్నది కూడా చూడండి. ఇది చెప్పుకోవడానికి మొహమాటపడే విషయం కాదు. ఆ సౌకర్యం లేని సూటు వేసుకున్నవారు నీళ్లు తాగడం మానేస్తారు, నీళ్లు తాగనివారు త్వరగా అలసిపోతారు, అలసినవారికి చలి ముందుగా సోకుతుంది. స్త్రీలకు వెనుక వైపు తెరుచుకునే జిప్పు ఉన్న సూట్లు ఉన్నాయి, అవే వారికి అనుకూలం.

సూటు వేసుకున్నాక లోపలి అదనపు గాలిని తీసేయాలి. మోకాళ్లు ఛాతీకి ఆనేలా గొంతుకూర్చుని, చేతులతో కాళ్లను చుట్టుకుని, మెడ గాస్కెట్‌ను ఒక వేలితో కొద్దిగా తెరిస్తే గాలి బయటికి పోతుంది. ఇలా చేయకపోతే నీళ్లలో పడినప్పుడు సూటు ఉబ్బి ఈతకు అడ్డం వస్తుంది.

సూటు చిరిగి లోపలికి నీరు నిండితే రాయిలా ముంచేస్తుందన్న భయం చాలామందికి ఉంది. నీటిలో ఉన్నంతవరకు లోపలి నీటికి బరువు తెలియదు, లైఫ్ జాకెట్ మిమ్మల్ని తేల్చే ఉంచుతుంది. ఇబ్బంది వచ్చేది పడవలోకి ఎక్కేటప్పుడూ, వెచ్చదనం పోయినప్పుడూ.

జాకెట్ వేరుగా, ప్యాంటు వేరుగా ఉండే జతలు కూడా దొరుకుతాయి. ఆ రెండూ నడుము దగ్గర గట్టిగా మడిచి కలిపే ఏర్పాటు ఉంటే తప్ప, ఈదేటప్పుడు అక్కడి నుంచి నీరు లోపలికి వస్తుంది. వాటిని డ్రైసూట్‌తో సమానంగా లెక్కించవద్దు.

5. లోపలి పొరలను జాగ్రత్తగా పేర్చుకోండి

నూలు బట్ట ఏ పొరలోనూ వద్దు, లోదుస్తులతో సహా. తడిసిన నూలు బరువెక్కుతుంది, ఆరదు, వేడిని నిలుపుకోదు. చర్మానికి ఆనుకుని పలచటి మెరినో ఉన్ని లేదా పాలియెస్టర్ దుస్తు వేసుకోండి. దాని మీద నీటి చలిని బట్టి పలచటిదో మందపాటిదో ఫ్లీస్ వేసుకోవాలి. పైనా కిందా ఒకే ముక్కగా కుట్టిన ఫ్లీస్ దుస్తు అయితే నడుము దగ్గర చొక్కా పైకి జరిగి చలి చేరదు.

మందం నిర్ణయించేటప్పుడు ఒక సంగతి మరిచిపోతారు. నీళ్లలో దిగగానే నీటి ఒత్తిడి సూటును ఒంటికి నొక్కుతుంది, పొరల మధ్య నిలిచిన గాలి తగ్గిపోతుంది. గాలిలో ఉక్కపోస్తున్నట్టు అనిపించిన దుస్తులే నీటిలో అంతంతమాత్రంగా మారడానికి కారణం ఇదే. నొక్కినా పూర్తిగా అణగిపోని ఫ్లీస్ ఇక్కడ పనికొస్తుంది. పక్షి ఈకలు నింపిన జాకెట్ అణగిపోతుంది, తడిస్తే ఇక పనికే రాదు.

తెడ్డు వేసేటప్పుడు భుజాలూ వీపూ పని చేసి వేడెక్కుతాయి. కాళ్లు మాత్రం పడవ లోపల కదలకుండా ఉంటాయి. అందువల్ల పైన ఒక పొర, కింద రెండు పొరలు వేసుకోవడం చాలామందికి బాగా నప్పుతుంది. ఎన్ని పొరలు వేసినా భుజాలు స్వేచ్ఛగా తిరగాలి. పొరలు మరీ బిగుతుగా ఉంటే రక్తప్రసరణ తగ్గి చలి పెరుగుతుంది.

6. తల, చెవులు, చేతులు, పాదాలు

తల తొడుగును చాలామంది సంచిలో పెట్టుకుని తిరుగుతారు. నీళ్లలో పడ్డాక దాన్ని తీసి పెట్టుకోవడం జరగని పని. 10 డిగ్రీల లోపు నీటిలో 2 లేదా 3 మిల్లీమీటర్ల నియోప్రీన్ హుడ్ తలకు ఉండే బయలుదేరాలి. ఇందులో చెవుల రక్షణ ముఖ్యమైనది. చల్లటి నీరు చెవి లోపలికి హఠాత్తుగా చేరితే లోపలి చెవి కలవరపడి తల తిరుగుతుంది. బోల్తా పడిన కయాక్‌లో తలకిందులుగా వేలాడుతూ, పైకి ఎటు తేలాలో తేల్చుకోవలసిన క్షణంలో కళ్లు తిరగడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అదీ గాక, ఏళ్ల తరబడి చన్నీళ్లు చెవుల్లోకి పోతున్నవారికి చెవి మార్గంలో ఎముక పెరిగి వినికిడికి అడ్డం వచ్చే అవకాశం ఉంది. హుడ్ ఇష్టం లేనివారు కనీసం చెవి బిరడాలైనా పెట్టుకోవాలి. రాళ్లున్న నదుల్లో హుడ్ మీద హెల్మెట్ సరిగ్గా కూర్చుంటుందో లేదో ముందే చూసుకోండి.

చేతులకు మూడు మార్గాలు ఉన్నాయి. వేళ్లు విడిగా ఉండే నియోప్రీన్ గ్లవ్స్‌తో పనులు చేసుకోవడం సులువు. వేళ్లన్నీ ఒకే అరలో ఉండే మిట్టెన్లు ఎక్కువ వెచ్చన. తెడ్డుకే బిగించి ఉంచి, చేతులను లోపలికి దూర్చుకునే పోగీలు తెడ్డు మీద పట్టును చక్కగా తెలియనిస్తాయి. పోగీలకు ఒక పెద్ద లోటు ఉంది. నీళ్లలో పడి తెడ్డు వదిలిన మరుక్షణం చేతులు ఒట్టివే. అందుకే పోగీలు వాడేవారు లైఫ్ జాకెట్ జేబులో ఒక జత గ్లవ్స్ తప్పక ఉంచుకోవాలి, ఇంకా మేలు, పలచటి జతను పోగీల లోపలే వేసుకోవాలి. ఏది ఎంచుకున్నా, వేళ్లు మొద్దుబారాక తొడుక్కోవడం కుదరదు కాబట్టి ఒడ్డునే తొడుక్కోండి. కొనే ముందు వాటితోనే లైఫ్ జాకెట్ బకిల్ విప్పి, విజిల్ తీసి ఊది చూడండి.

పాదాలకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ బూట్లు, జారని గట్టి అడుగుతో ఉన్నవి కావాలి. లోపల ఉన్ని మేజోళ్లు, డ్రైసూట్ మేజోళ్లు వేసుకునే కొలత చూసుకోండి. బిగుతు బూటు పాదాన్ని మరింత చల్లబరుస్తుంది. పడవలోంచి జారి బయటికి వచ్చేటప్పుడు తగులుకునే పొడవాటి లేసులు, కొక్కేలు ఉన్న బూట్లు వద్దు.

7. లైఫ్ జాకెట్, స్ప్రే స్కర్ట్

లైఫ్ జాకెట్‌ను దుస్తుల్లో భాగంగానే లెక్కించాలి, అన్నిటికీ పైన వేసుకోవాలి. పడవలో పక్కన పెట్టుకున్న జాకెట్, ఊపిరి అదుపులో లేని ఆ మొదటి నిమిషంలో చేతికి అందదు. కయాకింగ్‌కు కనీసం 50 న్యూటన్ల తేలే శక్తి ఉన్న, ఫోమ్ నింపిన జాకెట్ మంచిది. ఫోమ్ ఛాతీకి వెచ్చదనం కూడా ఇస్తుంది. తాడు లాగితే గాలి నిండే రకం, ఆ తాడును లాగగలిగే చేతుల మీద ఆధారపడుతుంది కాబట్టి చన్నీళ్లకు నేను సిఫారసు చేయను. శీతాకాలపు పొరలన్నీ వేసుకున్న తరువాతే పట్టీలు సరిచేసుకుని, తోటివారిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా జరిగితే అది వదులుగా ఉన్నట్టే.

నడుముకు తొడుక్కుని, కయాక్‌లో కూర్చునే రంధ్రాన్ని మూసే స్ప్రే స్కర్ట్ కాళ్లను పొడిగా, వెచ్చగా ఉంచుతుంది. దాన్ని పడవ నుంచి ఊడదీసే లాగుడు పట్టీ ఎల్లప్పుడూ బయటికి కనిపిస్తూ ఉండాలి, గ్లవ్స్ వేసుకున్న చేతితో, కళ్లు మూసుకుని దాన్ని అందుకోగలగాలి.

నలుపు, ముదురు నీలం రంగులు అలల మధ్య కనిపించవు. నారింజ, పసుపు, ఎరుపు రంగుల్లో ఉన్న జాకెట్టు, హుడ్ ఎంచుకోండి.

8. కావాలని నీళ్లలోకి దిగి పరీక్షించండి

ఇంతవరకు చెప్పినదంతా చదివి, అన్నీ కొని, ఈ ఒక్క మెట్టును వదిలేసేవారే ఎక్కువ. నా దృష్టిలో ఇది అన్నిటికంటే విలువైనది. ప్రవాహం లేని, ఒడ్డు దగ్గరున్న చోట, ఒక తోడును ఒడ్డున నిలబెట్టి, పూర్తి దుస్తులతో నడుము లోతు నీటిలోకి నెమ్మదిగా నడవండి. గాస్కెట్ల దగ్గర నీరు కారుతోందా, జిప్పు పూర్తిగా మూసుకుందా గమనించండి. తరువాత మెడ వరకు మునిగి తేలుతూ ఐదు నిమిషాలు ఉండండి. హాయిగా అనిపిస్తే పదిహేను నిమిషాలకు పెంచండి. ఆ సమయంలో వేళ్లతో బకిల్ విప్పి పెట్టండి, విజిల్ ఊదండి, సంచి తెరవండి. ముఖాన్ని నీటిలో పెట్టి ఊపిరి అదుపులోనే ఉందో లేదో చూసుకోండి. చివరగా పడవలోకి ఎక్కే అభ్యాసం చేయండి. పొడి ఒంటితో సులువుగా చేసిన పని చలికి బిగుసుకున్న చేతులతో ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.

నీటిలోంచి బయటికి వచ్చాక వెంటనే బట్టలు మార్చుకోకుండా, తడి దుస్తులతోనే గాలి వీచే చోట పది నిమిషాలు నిలబడండి. పడవలోకి తిరిగి ఎక్కిన మనిషి పరిస్థితి అదే. వణుకు మొదలైతే లోపల ఇంకొక పొర కావాలి, లేదా పైన గాలిని ఆపే జాకెట్ కావాలి. ఇలాంటి పరీక్షను ప్రతి ఏడాది చలికాలం మొదట్లోనూ, కొత్త వస్తువు ఏది కొన్నప్పుడూ చేయాలి.

అద్దెకు తీసుకునేవారు కూడా ఇవే ప్రశ్నలు అడగాలి. నీరు ఎన్ని డిగ్రీలుంది, ఏ సూటు ఇస్తారు, గాస్కెట్లు ఎప్పుడు మార్చారు అని అడగడానికి సంకోచించవద్దు. సరైన సూటు దొరకకపోతే ఆ రోజు ఆ నీటి మీదికి వెళ్లవద్దు. వెచ్చటి నీరు ఉన్న చోటును వెతకండి, లేదా ఈత కొలనులో అభ్యాసం చేసుకోండి.

9. బయలుదేరే రోజున

పడవను నీటిలోకి తోయకముందు ఒకరి జిప్పులు ఒకరు చూసుకోండి. డ్రైసూట్‌లోకి నీరు రావడానికి తరచుగా కారణమయ్యేది చిరుగు కాదు, సగం మూసి మరిచిపోయిన జిప్పు. దారిలో ఉక్కపోస్తే హుడ్ మీద నీళ్లు చల్లుకోండి, చేతులు నీటిలో ముంచండి, ఒడ్డుకు చేరి లోపలి పొర ఒకటి తీసేయండి. నీటి మీద ఉండగా సూటు జిప్పు మాత్రం తెరవవద్దు.

నీరు చొరని సంచిలో ఒక పూర్తి జత పొడి బట్టలు, ఉన్ని టోపీ, ఫ్లాస్కులో వేడి పానీయం, తడి దుస్తుల మీద, లైఫ్ జాకెట్ మీద కూడా వేసుకోగలిగేంత పెద్ద జాకెట్ ఉంచుకోండి. ఆ జాకెట్ మీకంటే మీ తోటివారికే ముందు పనికిరావచ్చు. ఎవరైనా ఎక్కువగా వణుకుతుంటే గాలి తగలని చోటికి చేర్చి, పొడి బట్టలు వేసి, వెచ్చగా కప్పండి. వణుకు ఆగిపోయి, మాట తడబడుతూ, మగతగా ఉంటే అది తీవ్రమైన స్థితి. వారిని నడిపించకుండా, చేతులు కాళ్లు రుద్దకుండా, పడుకోబెట్టి వెచ్చగా ఉంచుతూ వెంటనే అత్యవసర సాయం పిలవండి.

10. తిరిగి వచ్చాక

అన్నిటినీ మంచినీటితో కడిగి, లోపలా బయటా నీడలో ఆరబెట్టండి. ఎండ, సన్‌స్క్రీన్, దోమల మందులు, నూనెలు లేటెక్స్‌ను పాడు చేస్తాయి. సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులతో గాస్కెట్లను ముట్టుకోవద్దు. జిప్పుకు తయారీదారు చెప్పిన మైనం లేదా గ్రీజును రాసి, దాన్ని మడతపడకుండా ఉంచండి. డ్రైసూట్ బట్టను తేలికపాటి సబ్బుతో ఉతకాలి, బట్టలను మెత్తబరిచే ద్రావణం వాడకూడదు. వెట్‌సూట్‌ను వెడల్పాటి హ్యాంగరుకు వేలాడదీస్తే భుజాల దగ్గర నియోప్రీన్ అణగకుండా ఉంటుంది.

లేటెక్స్ గాస్కెట్లకు ఆయుష్షు కొన్నేళ్లే. నెలకోసారి వాటిని సున్నితంగా సాగదీసి వెలుతురులో చూడండి. సన్నటి పగుళ్లు, జిగట, రంగు మారిన మచ్చలు కనిపిస్తే మరో ప్రయాణం దాకా ఆగకుండా మార్పించండి. మార్చి తెచ్చుకున్న సూటును, ఎనిమిదో మెట్టులో చెప్పినట్టు, మళ్లీ ఒడ్డు దగ్గర నీటిలో పరీక్షించాకే వాడండి.